ధ్రువప్రాంతం వదలని నా డిటెక్టివ్

ఆ రోజుల్లో ముమ్మిడివరంలో మంచు అంటే సోడాకొట్లో పొట్టులో కప్పిపెట్టిన ఐసుదిమ్మే. డెబ్భైల చివర్లో ఎలిమెంటరీ స్కూల్లో కొత్తగా టీచరుగా చేరిన నేను, ఆ ఒక్క దిమ్మనే నమ్ముకుని ఉత్తర ధ్రువం దగ్గర జరిగే డిటెక్టివ్ నవల రాసేశాను. (ధ్రువం గురించి నాకున్న మిగతా జ్ఞానమంతా ఐదో తరగతి సాంఘికశాస్త్రం.) ముప్పై గడపల ఊరు, నెలల తరబడి పొద్దు పొడవదు, సీల్ వేటగాడొకడు హత్యకు గురవుతాడు. మా డిటెక్టివ్ హంతకుణ్ణి కనిపెడతాడు. కానీ వాడు జైలుకెళితే వేటాడి తిండి తెచ్చే దిక్కుండదని ఊళ్ళో ఒక్కరూ సాక్ష్యం చెప్పరు. పాపం, డిటెక్టివ్ ఒంటరిగా వెనక్కి పోతాడు. అంతే, సమాప్తం.

మా వదిన నేను నవల రాసిన మూడు నోటుబుక్కులూ చదివి, కళ్ళొత్తుకుంటూ, "అంత చలిలో తిరిగేడు కదా, ఆయన్ని కాఫీ తాగమన్నవాళ్ళే లేరేంటమ్మా!" అంది. ఆవిడే పట్టుబట్టి రాజమండ్రిలో పాకెట్ నవలలు వేసే ఒక పెద్దాయనకు పంపించింది. నెల తిరక్కుండా ఆయనే మా ఇంటికొచ్చారు.

"రాత బాగుందండీ. ఆ మంచొక్కటీ తీసేసి మీ పక్కనున్న కాట్రేనికోన పెట్టెయ్యండి. సీళ్ళ బదులు రొయ్యలు. ఆఖర్న చనిపోయినాయన చెల్లెల్ని డిటెక్టివ్‌కిచ్చి పెళ్ళి చేసేస్తే వెంటనే అచ్చేసేస్తాం."

"ఆయ్, అలాగేనండీ!" అనేశారు నాన్నగారు, నా తరఫున.

నాకు చెవులు వేడెక్కాయి. "కుదరదండీ" అన్నాను.

ఆయన నవ్వారు. "మీరెప్పుడైనా మంచు కురవడం చూసేరాండీ?"

"మీ రచయితలు నెలకో హత్య రాస్తారు కదండీ. చూసొచ్చే రాసేరా?"

వంటింట్లో వదిన పకపకా నవ్వింది. "పెద్దవారితో అలాగేనా అమ్మా" అన్నారు నాన్నగారు. గొంతులో కోపం మాత్రం లేదు. పెద్దాయన నోటుబుక్కులు నా చేతికిచ్చి, "ఈ పంతంతో మీ నవల మీరొక్కరే చదువుకోవాలండీ" అని వెళ్ళిపోయారు.

ఆ మాటే నన్ను రెచ్చగొట్టింది. మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాల దగ్గర టీచర్లకు రోజుకో అధ్యాయం చదివి వినిపించాను. కథ చర్చి దాకా పాకి, గురువారం స్త్రీల కూడిక అయ్యాక అక్కడా చదవమన్నారు. చివరి పేజీ మూయగానే ఒక మామ్మగారు లేచి, "హంతకుడు మారుమనస్సు పొందేడా అమ్మా?" అని నిలదీశారు.

"పొందలేదండీ."

"అయ్యో! అయితే మళ్ళీ మొదట్నుంచీ చదువు, ఎక్కడ తప్పిపోయేడో చూద్దాం."

నవల ఇప్పటికీ అచ్చు కాలేదు. మొన్న తీసి చూస్తే, ఏడో అధ్యాయంలో, గడ్డకట్టే చలిలో, మా డిటెక్టివ్ నుదుటి చెమట తుడుచుకుంటున్నాడు! దిద్దుదామని పెన్ను తీసి, మళ్ళీ మూత పెట్టేశాను. ఆనాటి ఇరవై రెండేళ్ళ టీచరమ్మ అంత ధీమాగా చెమట పట్టించాక, చల్లార్చడానికి నేనెవర్ని?