గురువారాల గైర్హాజరు

యూనివర్సిటీ వాళ్లు మా మనవరాలికి ఇచ్చిన ఉత్తరం మా వంటగది బల్ల మీద కనిపిస్తే చదివాను. నాలుగే వాక్యాలు. ఈ విద్యార్థిని వాలీబాల్ జట్టుతో ప్రయాణంలో ఉంటుంది కనుక, ఈ కింది తేదీల్లో ఆమె గైర్హాజరును ‘ఎక్స్‌క్యూజ్డ్’గా భావించాలని ప్రొఫెసర్లను కోరారు. కింద ఏడు తేదీలున్నాయి. గోడ మీది క్యాలెండర్ తెచ్చుకుని ఒక్కొక్కటే సరిచూశాను. ఏడింటిలో అయిదు గురువారాలు.

ఆ రోజు డైరీలో ఆ మాటను తెలుగులో రాయబోయి ఆగిపోయాను. ఎక్స్‌క్యూజ్ అంటే క్షమించడం. ఎవరు ఎవర్ని క్షమిస్తున్నారు? ఆ పిల్ల చేసిన తప్పేమిటి? విమానం ఎక్కించేది వాళ్లే, ఎక్కినందుకు క్షమించేదీ వాళ్లేనా? నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆ పూట ఇంకేమీ రాయలేకపోయాను. తేదీ కింద ఆ ఒక్క మాటే ఇంగ్లీషులో ఉండిపోయింది.

నేను డెట్రాయిట్ దగ్గర కార్ల బ్రేకులు పరీక్షించే ల్యాబ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉండేది ఫార్మింగ్టన్ హిల్స్‌లో. ల్యాబ్‌లో ఒక బ్రేకు ఇన్ని గంటలు తిరగాలని రాసి ఉంటే అన్ని గంటలూ తిరగాల్సిందే. మధ్యలో మిషను ఆగిపోతే, ఎందుకు ఆగిందో ఎంత బాగా రాసినా సరే, తిరగని గంటలు తిరగనట్టే. నేను సంతకం పెట్టేవాణ్ని కాదు. దీని మీద పైవాళ్లతో చాలాసార్లు గొడవ పడ్డాను. డైరీ అలవాటు అంతకన్నా పాతది. ఎప్పుడు బయల్దేరాం, ఎప్పుడు చేరాం, ఏం తిన్నాం, ఎవరేమన్నారు, అంతే రాస్తాను.

మనవరాలంటే మా అమ్మాయి కూతురు. గంట దూరంలో ఉన్న యూనివర్సిటీలో నర్సింగ్ చదువుతోంది, అక్కడి జట్టులో సెట్టర్. వచ్చిన బంతిని పైకి లేపి, కొట్టేవాళ్ల చేతికి అందించే పని. కొట్టినవాళ్లకు చప్పట్లు పడతాయి, అందించినవాళ్లను ఎవరూ చూడరు. మా పిల్లకు అదే ఇష్టం. వాళ్ల అమ్మమ్మకు మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, తనకు పద్నాలుగేళ్లప్పుడు, అయిదు రోజులు ఆస్పత్రిలోనే కూర్చుంది. ఇంటికొచ్చి, “డాక్టర్ రెండు నిమిషాలే వచ్చాడు తాతా, నర్సే అంతా చేసింది” అంది. ఆ మాట నా డైరీలో ఉంది.

మొదటి రెండేళ్లూ బాగా గడిచాయి. ఇక్కడ కాలేజీలు పది పన్నెండు కలిసి ఒక కూటమిగా ఏర్పడి తమలో తాము ఆడుకుంటాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. మా పాత కాన్ఫరెన్స్‌లో అన్నీ బస్సులో పోయే దూరాలే. మేమిద్దరం కారులో వెనకే వెళ్లేవాళ్లం. మా ఆవిడ పులిహోర కలిపి తెచ్చేది. అవతలి జట్ల తల్లిదండ్రులు కూడా ఏటా అవే ముఖాలు. ఒహాయో నుంచి వచ్చే ఒక తాతగారు నాలాగే నోట్‌బుక్‌లో స్కోరు రాసుకునేవాడు. మా ఇద్దరి లెక్కా కలవకపోతే ఆట అయ్యాక కూర్చుని తగువులాడుకునేవాళ్లం. పులిహోర మూత తీయగానే, “ఎల్లో రైస్ వచ్చిందా, అయితే మేం ఓడినా ఫరవాలేదు” అనేవాడు. రాత్రికి బస్సు తిరిగొచ్చేది. పొద్దున ఎనిమిదింటికి పిల్ల క్లాసులో ఉండేది.

ఒక ఆదివారం గుడి క్యాంటీన్‌లో ఇడ్లీ తింటుంటే, అదే యూనివర్సిటీలో ఎం.ఎస్. చేసి ఇక్కడే ఉద్యోగం చేసుకుంటున్న తెలిసినబ్బాయి ప్లేటుతో సహా మా బల్ల దగ్గరికి వచ్చాడు.

“అంకుల్, చూశారా? మనం పెద్ద కాన్ఫరెన్స్‌లోకి జంప్! టీవీ డీల్ మామూలుగా లేదు.”

“మనం అంటే ఎవరు బాబూ?”

“మన యూనివర్సిటీ అంకుల్! ఇక ప్రతి శనివారం నేషనల్ టీవీలో మన ఫుట్‌బాలే.”

“మా పిల్ల ఆడేది వాలీబాల్ కదయ్యా.”

“వాళ్లూ వస్తారంకుల్. మొత్తం ప్యాకేజ్.”

మా ఆవిడ చట్నీ వడ్డించుకుంటూ, “అంటే ఫుట్‌బాల్ వాళ్ల పెళ్లికి వాలీబాల్ పిల్లలు పల్లకీ మోయాలన్నమాట” అంది.

“ఆంటీ పంచ్ అదిరింది” అని అతను పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. దాచడమెందుకు, ఆ రోజు డైరీలో నేను ‘శుభవార్త’ అని రాశాను. మనవరాలు టీవీలో కనిపిస్తుందని సంబరపడ్డాను. వారం తిరక్కుండా ఆ ఛానెల్‌కు చందా కట్టాను.

కొత్త కాన్ఫరెన్స్ పేరులో ఉన్న ప్రాంతానికీ అందులో ఆడే కాలేజీలకూ సంబంధం లేదు. సగం జట్లు దేశానికి ఆ చివర, పసిఫిక్ ఒడ్డున ఉన్నాయి. బుధవారం సాయంత్రం అక్కడ ఆట. శుక్రవారమో శనివారమో ఇంకో ఊళ్లో మరో ఆట. ఆదివారానికి ఇంటికి. బుధవారం ఎందుకంటే, ఆ వేళ టీవీలో ఖాళీ ఉందట. దాన్ని ‘విండో’ అంటారట. వాళ్ల కిటికీలో పెట్టడానికి మా పిల్లలు పూలకుండీలా?

గురువారం పొద్దున ఆరూ నలభై అయిదుకు మా మనవరాలు ఆస్పత్రిలో ఉండాలి. మూడో ఏడు నర్సింగ్ పిల్లలకు అది క్లినికల్. నిజం రోగుల దగ్గర నిలబడి చేయాల్సిన గంటలు. ఆమెకిచ్చిన ఆస్పత్రి మా ఇంటికి ఇరవై నిమిషాలు కనుక బుధవారం రాత్రికి మా ఇంటికొచ్చి పడుకునేది, పొద్దున నేను దింపేవాణ్ని. రెండుసార్లకు మించి మానేస్తే ఆ కోర్సు పోయినట్టే. ఎక్స్‌క్యూజ్డ్ ఉత్తరం చూపిస్తే నర్సింగ్ టీచరు, “యూనివర్సిటీ క్షమించింది, సంతోషం. గంటలు మాత్రం గంటలే” అందట. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ముప్పై ఏళ్లు నేను చెప్పిన మాటే కదా.

అప్పటికే రెండు గురువారాలు పోయాయి. తర్వాతి వారం మళ్లీ పడమటి ప్రయాణం. దానికి ముందు శుక్రవారం సాయంత్రం, నర్సింగ్ నుంచి వేరే కోర్సుకు మారే ఫారం ఒకటి తెచ్చి మా ముందు పెట్టింది.

“తాతా, ఇది కూడా హెల్త్ ఫీల్డే. జస్ట్ క్లినికల్స్ ఉండవు.”

“క్లినికల్ లేకుండా నర్సువి ఎలా అవుతావమ్మా?”

“అవ్వను. అంతే.”

“ఇది ఎవరిచ్చిన సలహా?”

“టీమ్ అడ్వైజర్. చాలామంది అథ్లెట్స్ ఇదే చేస్తారంట. మంగళవారంలోపు సబ్మిట్ చెయ్యాలి.”

మా ఆవిడ వచ్చి ఫారం తిరగేసి చూసి, “దీంతో ఏం ఉద్యోగం వస్తుందే?” అంది.

“అమ్మమ్మా, ప్లీజ్.”

నాకు అడ్వైజర్ మీద పట్టరాని కోపం వచ్చింది. మిషను గంటలు పూర్తిచేయలేకపోతే పరీక్షే మార్చేయమన్నట్టుంది. మా ల్యాబ్‌లో ఎవరైనా ఆ మాట అని ఉంటే మర్నాడు బల్ల ఖాళీ చేసేవాడు.

శనివారం యూనివర్సిటీలోనే మ్యాచ్. దానికి ముందు కుటుంబాల కోసం ఒక హాల్లో సభ పెట్టారు. క్రీడల విభాగం అధికారి ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ కొత్త శకం గురించి చెప్పాడు. ప్రశ్నలున్నాయా అన్నాడు. నేను ఆ ఏడు తేదీల కాగితం పట్టుకుని లేచాను. మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. డైరీలో రాసుకున్నట్టు తెలుగులో చెబుతున్నాను.

“మా మనవరాలు అయిదు గురువారాలు ఆస్పత్రికి పోలేదు, పోబోదు. మీరు ఎక్స్‌క్యూజ్డ్ అన్నారు. ఆ గంటలు తిరిగి ఎవరిస్తారు?”

“మంచి ప్రశ్న సార్. విమానంలో ట్యూటర్ ఉంటారు, వైఫై ఉంటుంది.”

“రోగి ఉంటాడా?”

కొందరు నవ్వారు. ఆయనా నవ్వాడు.

“బుధవారం ఆటను మార్చమని టీవీ వాళ్లను అడిగారా?”

“మా భాగస్వాములతో ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటాం సార్.”

“అడిగారా?”

“సార్, నేనొకటి అడగనా? మీరు బయటి ఊళ్ల మ్యాచ్‌లు ఇంట్లో చూస్తున్నారా?”

“చూస్తున్నాను.”

“అదీ సంగతి! ఇదివరకు కుటుంబాలకు ఆ అవకాశం ఉండేది కాదు. మీలాంటి తాతగార్ల కోసమే ఇదంతా.”

హాలంతా చప్పట్లు. నేను కూర్చున్నాను. నా జన్మలో నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. సగం ఆయన మీద. మిగతా సగం, ఆయన అన్నది అబద్ధం కానందుకు. బుధవారం బుధవారం నోట్‌బుక్ పట్టుకుని టీవీ ముందు కూర్చున్నది నేనే. వాళ్లు లెక్కపెట్టే ప్రేక్షకుల్లో నేనూ ఒకణ్ని.

తలుపు దగ్గర మా మనవరాలు జెర్సీలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చూడలేదు. నన్ను కారిడార్‌లోకి లాక్కెళ్లింది.

“ఏంటి తాతా అది? కోచ్ ఉంది అక్కడ!”

“నీ కోసమే కదమ్మా.”

“అతనూ మీ కోసమే అన్నాడు, నువ్వూ నా కోసమే అన్నావ్. నన్ను ఎవరైనా అడిగారా?”

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

“సరే. ఇప్పుడు అడుగుతున్నాను. నీకేం కావాలి?”

“రెండూ.”

జెర్సీ అంచు లాక్కుంటూ మళ్లీ తనే అంది.

“రెండు ఇయర్స్ రెండూ ఉన్నాయి కదా తాతా. నేనేం కొత్తగా అడగట్లేదు కదా.”

ఆటను పెద్దది చేశామంటారు. బస్సులో వెళ్లి ఆడి, పొద్దున చదువుకోగలిగిన జట్టును తీసుకెళ్లి, రెండింట్లో ఏదో ఒకటే ఎంచుకో అని చెప్పే జట్టుగా మార్చారు. దాన్ని అవకాశం అంటున్నారు. ఆ మాట అనేవాళ్లలో ఒక్కడికి కూడా గురువారం పొద్దున ఎక్కడా హాజరు వేయించుకోవాల్సిన పని లేదు.

ఆ రోజు మా పిల్ల బాగా ఆడింది. గెలిచారు. నేను స్కోరు రాయలేదు.

సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది. వాళ్లమ్మతోనూ మాట్లాడిందట, ఇంకా ఎవరెవరితోనో మాట్లాడిందట. ఫారం ఇవ్వలేదు. కోచ్ దగ్గరికెళ్లి జట్టు నుంచి తప్పుకుంటానని చెప్పింది. కోచ్ కళ్లనీళ్లు పెట్టుకుందట. “ఆమె తప్పేం లేదు తాతా” అని రెండుసార్లు అంది. మర్నాటికి జట్టు వెబ్‌సైట్‌లోంచి మా మనవరాలి ఫొటో తీసేశారు.

బుధవారం రాత్రి మా ఇంటికొచ్చి, అన్నం సరిగా తినకుండానే పడుకుంది. గురువారం ఆరుంపావుకు ఆస్పత్రి పార్కింగ్‌లో కారు ఆపాను. ఇంకా చీకటిగానే ఉంది. నీలం యూనిఫాం వేసుకుంది, జుట్టు ముడి వేసుకుంది. దిగలేదు. ఫోన్ తీసి ముందురోజు పసిఫిక్ ఒడ్డున జరిగిన ఆట పెట్టింది. ఆమె స్థానంలో మొదటి ఏడు పిల్ల ఆడుతోంది.

“లేట్... లేట్... అబ్బా, ఎందుకంత కిందగా సెట్ చేస్తావే!” అని ఫోన్‌ను తిట్టింది. ఆ తర్వాత, “పాపం, భయపడుతోంది. దానికి ఎవరూ చెప్పలేదు” అంది.

“నువ్వు చేసింది మంచిపని” అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“తాతా, నువ్వు గెలిచావ్ అనుకోకు.”

“అనుకోవట్లేదమ్మా.”

“నేను కూడా గెలవలేదు.”

స్కోరు ఇరవై నాలుగు, ఇరవై నాలుగు. ఆ పిల్ల సర్వ్ చేయడానికి బంతి పట్టుకుని వెనక్కి నడుస్తోంది. సరిగ్గా అప్పుడే బొమ్మ మారిపోయి, ఎర్ర ట్రక్కు ఒకటి కొండ ఎక్కుతూ వచ్చింది. ప్రకటన. మా మనవరాలు గడియారం చూసుకుంది. ఆరూ ముప్పై ఎనిమిది. ట్రక్కు ఇంకా కొండ ఎక్కుతుండగానే ఫోన్ నా చేతిలో పెట్టి, తలుపు తీసుకుని, గబగబా నడుస్తూ లోపలికి వెళ్లిపోయింది.