తడి ఆరని చెయ్యి

దయ్యం, గాలి, దిష్టి లాంటివి నేను నమ్మను. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం ఉందేమో చూసుకోండని కసిరే మనిషిని. మా అత్తకు నా మీదున్న మొదటి ఫిర్యాదే అది. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే, చూసింది కడుపులో దాచుకోలేకనే.

మాది ధర్మవరం. నా భర్త పట్టునూలుకు రంగులద్దుతాడు. ఆ మధ్య మరుగుతున్న రంగునీళ్ల తొట్టి ఒరిగి ఆయన కుడిచెయ్యి భుజం దాకా కాలిపోయింది. అనంతపురం ఆసుపత్రి నుంచి బెంగళూరుకు పంపారు. తొడ మీది చర్మం తీసి అక్కడ అతికినా ముంజేతి మీద కొంతభాగం మానలేదు. అప్పుడు అక్కడి డాక్టరు ఒక కొత్త వైద్యం గురించి చెప్పాడు. ఎవరో తల్లి కాన్పయ్యాక దానమిచ్చిన బొడ్డుతాడులోంచి మూలకణాలు తీసి, పెంచి, పుండు మీద వేస్తారట. ఇంకా పరీక్షల్లోనే ఉంది, ఖాయంగా చెప్పలేమని కూడా అన్నాడు. ఆ చెయ్యి లేకపోతే మాకు బతుకే లేదు. సరే అన్నాం.

మా అత్త మాత్రం ఆ డాక్టరునే అడిగింది.

"ఆ బిడ్డ బొడ్డుతాడు యాడ పూడ్చినారప్పా?"

మా ఇంట్లో బిడ్డ పుడితే మాయనూ బొడ్డుతాడునూ పెరట్లో పూడ్చి, రోజూ పొద్దున ఆ మన్ను మీద నీళ్లు పోస్తారు. మన్ను ఎండితే బిడ్డ ఒళ్లు ఎండుతుందంటారు. డాక్టరు నవ్వి, ఇచ్చిందెవరో మాకూ తెలియదమ్మా అన్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది.

పుండు మానింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా హెచ్చరించాడు. ఈ కొత్త చర్మానికి చెమట పట్టదు, మందు పూస్తూ ఉండాలి, ఎండి బిగుసుకుంటే వేళ్లు ముడుచుకుపోతాయి అని. మా అత్త ఊరుకుంటుందా? చేతి నుంచి తీసిన కట్టుగుడ్డ ఒకటి పెరట్లో పూడ్చి, పసుపు చల్లి, రోజూ చెంబెడు నీళ్లు పోయడం మొదలుపెట్టింది.

అప్పటినుంచే పొద్దున లేవగానే ఆ మచ్చ మీద సన్నటి తడి కనిపించేది. చుట్టూ చర్మం పొడిగానే ఉండేది. దూదితో అద్దితే దూది తడిసింది. ఆయన నాలుకకు తగిలించుకుని ఉప్పగా లేదన్నాడు. ఫోనులో అడిగితే, రాత్రి పూసిన మందు కరిగి ఉంటుందని డాక్టరు అన్నాడు. నేనూ అదే అనుకున్నాను.

ఆ ఎండాకాలం కుళాయిలు ఆగిపోయాయి. ట్యాంకరు నీళ్లు తాగడానికే చాలలేదు. అత్త చెంబు పక్కన పెట్టేసింది. మందు పూస్తూనే ఉన్నా చెయ్యి ఎండిపోయింది. చర్మం పగిలి నెత్తురు కారింది. వేళ్లు లోపలికి లాగడం మొదలైంది. ఆయన తన గ్లాసులో నీళ్లు పెరట్లో పోయబోతే అత్త చెయ్యి పట్టుకుంది.

"తాగు నాయనా. ముందు నువ్వు బతకల్ల."

ఆయన ఏడుస్తూ తాగాడు. నాకు చాలా భయమేసింది. ఏ దేవుడికీ మొక్కని నేను, బొడ్డుతాడు ఇచ్చిన, ముక్కూ మొహం తెలియని ఆ తల్లికి మొక్కాను.

మర్నాడు పొద్దున పెరట్లో మన్ను బీటలువారి ఉంది. ఇంట్లో బిందెలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆయన మచ్చ మాత్రం తడిసి, నీళ్లు చుక్కలుగా చాప మీద పడుతున్నాయి. ఆయన మెల్లగా పిడికిలి ముడిచి, మళ్లీ తెరిచాడు.

అత్త ఆ చాపను చేత్తో తడిమి నా వైపు చూసింది.

"మనం పోయలేదు గదమ్మీ. ఆడ ఆ తల్లి పోస్తాండాది."

బొడ్డుతాడు ఆసుపత్రికి ఇచ్చేసిన మనిషి ఉత్త మన్ను మీద నీళ్లెందుకు పోస్తుంది? పోసినా మా ఇంటికెలా వస్తాయి? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఆయన ఇప్పుడు మళ్లీ పనికి పోతున్నాడు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కుళాయి వచ్చిన రోజు మాత్రం మొదటి చెంబు పెరట్లో నేనే పోస్తాను. ఎక్కడున్నా ఆ బిడ్డ ఒళ్లు ఎండకూడదు.