కేకు మీది వజ్జరం

“నువ్వు ఎముకలు ఉడకబెడతాండావా, లేదా? ఆ ఒక్కటి చెప్పుమే.”

1998లో పుంగనూరులో వెంకటరత్నమ్మ అనే ఆవిడ యమున వాకిట్లో నిలబడి అడిగిన ప్రశ్న ఇది. వెంకటరత్నమ్మ భర్తది ఊళ్లో పెద్ద కిరాణా అంగడి. గుడ్డు పెంకు కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు వాళ్లది. ఆమె వెనక ముగ్గురు ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు, ఏ వాసనా రాకపోయినా. యమున చేతులకు అప్పటికి ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది.

లేదని చెప్తే సరిపోయే ప్రశ్న. చెప్పింది కూడా. నిజం నిలకడ మీద తెలుస్తుందని పిల్లలకు నూరిపోసేవాళ్లు ఆ వాకిట్లోకి ఒకసారి వచ్చి ఉంటే బాగుండేది.

యమున కుప్పం పిల్ల. తండ్రి మునికృష్ణాచారి వడ్రంగి. చెక్కను చెక్కకు అతికించే బంకను ఆ వైపు వజ్జరం అంటారు. పశువుల తోళ్లూ ఎముకలూ ఉడికించి తీసే సరుకు అది. పలకల్లాగా అమ్ముతారు. దాన్ని కరిగించడానికి ఒక పద్ధతి ఉంది. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, ఆ నీళ్లలో చిన్న గిన్నె దించి, అందులో వజ్జరం వెయ్యాలి. నేరుగా మంట తగిలిందంటే మాడి కంపు కొడుతుంది, పట్టు పోతుంది. ఆ పొయ్యి దగ్గర కూర్చుని మంట ఎగదొయ్యడం చిన్నప్పుడు యమున పని. ఇంకో పని కూడా ఉండేది. ద్వారబంధాల మీద తండ్రి చెక్కే పేర్లను ముందుగా పెన్సిలుతో రాసి ఇచ్చేది ఆమే. ముత్యాల్లాంటి అక్షరాలని ఊరంతా అనేది. అందరికంటే ఎక్కువ ఆమే అనేది.

పుంగనూరు జయచంద్రకిచ్చి పెళ్లి చేశారు. అతను దాసప్ప బేకరీలో వ్యాను డ్రైవరు. పల్లెల్లో అంగళ్లకు బన్నులూ రొట్టెలూ వేసి వచ్చేవాడు, జీతం తాగేవాడు. మంచివాడే అని అందరూ చెప్పేవాళ్లు. తాగి కొట్టకపోతే చాలు, మన దగ్గర ఆ బిరుదు వచ్చేస్తుంది.

1993 నాటికి పుంగనూరులో కేకు కోసే సరదా మొదలైంది. డాక్టర్ల ఇళ్లల్లో, లెక్చరర్ల ఇళ్లల్లో, తర్వాత సేట్ల ఇళ్లల్లో. కేకు మీద పేరు రాయడానికి అద్దంలా మెరిసే జెల్లు ఒకటి కావాలి. అది బెంగళూరు నుంచి డబ్బాల్లో వచ్చేది, ధర చూసి దాసప్ప గుండె పట్టుకునేవాడు. కాబట్టి అతని కేకు మాస్టరు మారప్ప చక్కెర ముద్దలో రంగు కలిపి రాసేవాడు. రాసిన గంటకు అది బీటలు వారేది. ఒకరోజు మొగుడికి అన్నం క్యారియరు ఇవ్వడానికి వెళ్లిన యమున ఆ రాత చూసి, పదిమంది పనివాళ్ల ముందు అంది:

“ఏంది మారప్పన్నా, ఇది పేరా? తేలు పారినట్లుండాదే.”

అందరూ నవ్వారు. దాసప్ప కూడా నవ్వాడు. పదేళ్లుగా ఆ బల్ల దగ్గర నిలబడిన మారప్ప మాత్రం నవ్వలేదు.

బెంగళూరు డబ్బా అడుగున మిగిలిన జెల్లును వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని, యమున ఇంటికి వెళ్లి పని మొదలుపెట్టింది. మొక్కజొన్న పిండి ఉడికిస్తే గంజిలా తెల్లబడింది, మెరుపు లేదు. అప్పుడు వెంకటరత్నమ్మ వాళ్ల అంగట్లోనే చైనా గ్రాసు కొన్నది. సముద్రపు నాచుతో చేసే ఎండు గడ్డి అది, నానబెట్టి కాస్తే గడ్డకడుతుంది. తురకల ఇళ్లల్లో ఉపవాసాల నెలలో దానితో తీపి చేసుకుంటారు. మొదట కాసింది గాజులాగా బిగుసుకుపోయి, పేరు రాసే కాగితం పొట్లంలోంచి ముక్కలు ముక్కలుగా ఊడిపడింది. నేరుగా మంట మీద అడుగంటింది. అప్పుడు తండ్రి గిన్నెలు గుర్తొచ్చాయి. నీళ్ల గిన్నెలో చిన్న గిన్నె దించి, నిదానంగా కరిగించి, పాకం పోసి, చక్కెర గట్టిపడకుండా చిటికెడు నిమ్మ ఉప్పు వేసింది. గడ్డకట్టిన తర్వాత మల్లుగుడ్డలో వేసి పిండింది. గుడ్డలోంచి వచ్చింది మెత్తగా, నున్నగా, దీపం పెడితే అవతలికి కనపడేంత తేటగా ఉంది. బటరు పేపరు పొట్లంలో నింపి పళ్లెం మీద తన పేరే రాసుకుంది. తెల్లారినా చెదరలేదు.

దాసప్ప డబ్బా ధరలో మూడో వంతుకు బేరమాడాడు. ఆమె సగానికి ఒప్పించింది. ఇంకో షరతు కూడా పెట్టింది. రాసేది కూడా తానే. దాంతో మారప్పను మైదా పిసికే బల్లకు మార్చారు. యమునకు జాలేం వెయ్యలేదు. దారిలో కనపడితే “ముద్ద బాగా మెదపన్నా” అని అనేది.

డబ్బు మాత్రం చేతికి తీసుకునేది కాదు. ఇంటికి తెస్తే జయచంద్ర గొంతులోకి పోతుంది. అందుకని దాసప్ప దగ్గరే ఉంచమంది. మదనపల్లెలో బస్టాండు దగ్గర షట్టరు ఉన్న చిన్న గది ఒకటి చూసి పెట్టుకుంది. పదివేలు అడ్వాన్సు. అది కడితే తన బల్ల, తన పేరు, తన అంగడి. కాలేజీల ఊరు, పుట్టినరోజులకు కొదవలేదు. నాలుగున్నరేళ్లలో దాసప్ప దగ్గర ఏడువేల ఆరువందలు పోగైంది. కాగితం రాయమని ఆమె అడగలేదు. అడిగితే నమ్మకం లేనట్టు ఉంటుందని దాసప్ప ముందే అని పెట్టాడు.

1998లో వెంకటరత్నమ్మ మనవడి పుట్టినరోజు వచ్చింది. గుడ్డు లేని కేకు. పిల్లవాడి పేరు మూరెడు. ఇంటికే వచ్చి అందరి ముందూ రాయమన్నారు. మారప్ప కేకు మోసుకొచ్చాడు, యమున పొట్లం పట్టుకొచ్చింది. చుట్టూ పట్టుచీరలు మూగాయి. ఎక్కడా ఆగకుండా ఆ మూరెడు పేరూ రాసేసింది. ఇంత నిగనిగలాడుతోంది, ఎట్లా చేస్తావని ఒకావిడ అడిగింది. పెద్దింటివాళ్ల నోట మెప్పు వింటున్నానన్న సంతోషంలో యమున నోరు జారింది.

“ఏం లేదమ్మా, మా నాయన వజ్జరం కాసినట్లే కాస్తా.”

పట్టుచీరలకు ఆ మాట అర్థం కాలేదు. వాళ్ల ఇళ్లల్లో తలుపులు ఉంటాయి గాని తలుపులు చేసేవాళ్ల మాటలు ఉండవు. వజ్రం అనుకున్నారు. వజ్రంలాగే ఉండాదమ్మా అని ఒకావిడ మెచ్చుకుంది కూడా. కేకు తిన్నారు, వేళ్లు నాకారు. మారప్ప ఖాళీ పళ్లెం తీసుకుని వెళ్లిపోయాడు. నాలుగు రోజులాగి, బెల్లం కొనే నెపంతో వాళ్ల అంగడికి పోయి, వజ్జరమంటే ఏమిటో వెంకటరత్నమ్మ భర్తకు వివరంగా చెప్పాడు. ఎక్కడ దొరుకుతుందో, దేనితో చేస్తారో, ఉడికేటప్పుడు ఎట్లాంటి కంపు కొడుతుందో. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

ఆ సాయంత్రమే వెంకటరత్నమ్మ వాకిట్లోకి వచ్చింది.

యమున లోపలికి పరుగెత్తి చైనా గ్రాసు పొట్లం తెచ్చి చూపించింది. మీ అంగట్లో కొన్నదే అమ్మా అంది. వెంకటరత్నమ్మ పొట్లం వైపు చూసి, తమ అంగడిదేనని గుర్తుపట్టింది కూడా.

“మా అంగట్లో కొన్నది గడ్డి. దాంట్లో నువ్వు ఏం కలిపినావో మాకెట్ల తెలుస్తాది?”

గిన్నెలో ఉన్న జెల్లును గరిటెతో తీసి యమున వాళ్ల ముందే మింగింది.

“నువ్వు తింటే నీ కడుపు. మా కడుపుల సంగతి చెప్పు. ఏం కలపకపోతే ఆ మాట యాల అన్నావు?”

యమున గరిటె దించింది. మాటేనమ్మా, కాసే తీరు అట్లాంటిదని అన్నానమ్మా అని గొణిగింది. ఆ గొణుగుడే ఒప్పుకోలు అయింది.

వాళ్లింట్లో శుద్ధి జరిగింది. హోమం చేసి, మొన్న కేకు తిన్న వాళ్లంతా ఆవు పంచితం పుచ్చుకుని పవిత్రులయ్యారు. ఖర్చు దాసప్ప పెట్టుకున్నాడు. పెట్టుకున్నాననీ, ఎక్కడి నుంచి పెట్టానన్నదీ యమున డబ్బు అడగడానికి వెళ్లినప్పుడు చెప్పాడు.

“నీ దుడ్డు యాడికీ పోదుమ్మా. ముందు నా బేకరీ నిలబడనీ. హోమానికిచ్చినా, కేకు దుడ్డు ఎనిక్కిచ్చినా. అదంతా ఎవురి లెక్కలో రాసుకోవల్ల, నువ్వే చెప్పు.”

“నేను ఎముకలు ఏసినానా సామీ? చైనా గ్రాసు వాళ్లంగట్లోంచి తెచ్చిచ్చింది మీ వ్యానే గదా.”

దాసప్పకు తెలుసు. చైనా గ్రాసు కాయడం, పిండడం రెండుసార్లు స్వయంగా నిలబడి చూశాడు, కిటుకు నేర్చుకుందామని. వ్యాను కడుగుతున్న జయచంద్రను పిలిచి, మీ ఇంట్లో ఏం ఉడుకుతాదప్పా అని అడిగాడు. రోజూ గిన్నె గోకి తినేది జయచంద్రే. అతను తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుని చెప్పాడు:

“నేను వ్యాను తోలేవోణ్ణి సామీ. ఇంట్లో ఏం ఉడుకుతాదో నాకేం తెలుసు?”

అతని ఉద్యోగం నిలిచింది. మారప్ప మళ్లీ పాత బల్ల దగ్గరికి వచ్చాడు. బేకరీ మీద ‘శుద్ధ శాకాహారం’ అని కొత్త బోర్డు లేచింది, జెల్లు మళ్లీ బెంగళూరు డబ్బాల్లో రావడం మొదలైంది. ఖాళీ డబ్బా ఒకటి వ్యానులో కనపడితే యమున దాని మీది ఇంగ్లీషును కూడబలుక్కుని చదివింది. జెలటిన్ అని ఉంది. మందుల అంగడి అబ్బాయిని అడిగితే, మాత్రల తొడుగులు చేసేది దాంతోనేననీ, పశువుల ఎముకల నుంచి తీస్తారనీ చెప్పాడు. డబ్బా చేత్తో పట్టుకుని ఆమె నేరుగా వెంకటరత్నమ్మ ఇంటికి వెళ్లింది. చెప్పిందంతా వెంకటరత్నమ్మ ఓపికగానే విన్నది.

“అది కంపెనీది మే. కంపెనీవోళ్లు ఏమన్నా వజ్జరం అన్న్యారా?”

అనలేదు. ఆ సంవత్సరం ఆ ఇంట్లో ఇంకో రెండు పుట్టినరోజులు జరిగాయి, రెండు కేకులు కోశారు, రెండింటి మీదా డబ్బా జెల్లే.

1999లో యమున మొగుణ్ణి వదిలి మదనపల్లె చేరింది. షట్టరు గది ఎవరో తీసుకున్నారు. ఒక ముసలమ్మ ఇంట్లో వంటిల్లు పంచుకుని, మళ్లీ గిన్నెలో గిన్నె దించింది. ఈసారి ఎట్లా కాస్తావని ఎవరడిగినా నోరు విప్పలేదు. ఒక బేకరీ ఆయన జెల్లు తీసుకున్నాడు, బాగుందన్నాడు, ఆరు నెలలు సరిగ్గా డబ్బిచ్చాడు. తర్వాత ఒకరోజు నవ్వుతూ అడిగాడు, పుంగనూరు వజ్జరమ్మ అంటే నువ్వేనా అని. బస్సులు రోజూ తిరిగే రెండు ఊళ్ల మధ్య పేరుకు టికెట్టు అక్కర్లేదు.

ఆయనకు మడి లేదు, పట్టింపు లేదు. ఎముకలైనా తనకు బాధ లేదన్నాడు. సగం ధరకు ఇస్తే గుట్టు తన దగ్గరే ఉంటుందన్నాడు. గుట్టేమీ లేదని యమున అంటే, లేకపోతే పూర్తి ధరకు ఇంకెవరికైనా అమ్ముకో అన్నాడు. మూడు బేకరీలు తిరిగింది. మూడు చోట్లా పేరు ఆమెకంటే ముందే చేరింది. సాయంత్రానికి వెనక్కి వచ్చి సగం ధరకు ఒప్పుకుంది. చెయ్యని తప్పును అట్లా నెలనెలా కొంచెం కొంచెంగా ఒప్పుకుంటూ మూడేళ్లు బతికింది. 2003లో తయారు జెల్లు ట్యూబుల్లో చవగ్గా దిగింది. ఆ సగం ధర కూడా ఆయనకు బరువైపోయింది.

కుప్పం తిరిగి వచ్చేసరికి తండ్రి కొట్టంలో డబ్బా బంక వాడుతున్నారు. వజ్జరం పలకలు కొనేవాళ్లూ లేరు, ఆ మాట తెలిసిన కుర్రవాళ్లూ లేరు. ఆ మాట చచ్చిపోయింది, ఆమెకు అంటిన పేరు మాత్రం పుంగనూరులో దిట్టంగా ఉంది. కుప్పంలో ఒక బేకరీలో కేకుకు మూడు రూపాయల లెక్కన పేర్లు రాసే పని దొరికింది. వాళ్లిచ్చే ట్యూబుతోనే. జెల్లు చెయ్యడం వచ్చని అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఎవరైనా మారప్ప సంగతి ఎత్తితే మాత్రం తిట్టేది కాదు. “వాని నోటికాడి పని నేను పెరుక్కున్నా. నాది వాడు పెరుక్కున్నాడు. నాకన్నా వాడే బాగా చేసినాడు” అనేది, పనిమంతుణ్ణి మెచ్చుకున్నట్టు.

2006లో దాసప్ప పోయాడు. కర్మలన్నీ అయ్యేదాకా ఆగి, యమున పుంగనూరు వెళ్లింది. గల్లాపెట్టె దగ్గర కొడుకు ముద్దుకృష్ణ ఉన్నాడు. బీకాం చదివినవాడు, మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు, మొత్తం విన్నాడు.

“నాయన నాకేం చెప్పలేదక్కా. రాసిందేమన్నా ఉండాదా?”

లేదంది. మారప్పను అడగమంది. లోపల బల్ల దగ్గర నెరిసిన తలతో నిలబడి ఉన్న మారప్ప, అడిగినప్పుడు చేతులు తుడుచుకుని బయటికి వచ్చి, ఆమె కళ్లలోకి చూసి, నాకు తెలీదప్పా, నేను మైదా బల్ల కాడ ఉంటినే అప్పుడు అని చెప్పాడు. అదీ అబద్ధం కాదు.

ముద్దుకృష్ణ నొచ్చుకున్నాడు. అంత దూరం నుంచి వచ్చింది కదా, ఒక కేకు తీసుకుపొమ్మన్నాడు. పేరేం రాయించమంటావక్కా అని కూడా అడిగాడు. కేకు వద్దప్పా, దుడ్డు కావల్ల అని యమున లేచింది. చూద్దాం, వచ్చే నెల రమ్మన్నాడు. తర్వాతి మూడేళ్లలో ఆమె ఎన్నోసార్లు కుప్పం నుంచి బస్సెక్కి వచ్చింది. టీ మాత్రం ప్రతిసారీ ఇచ్చాడు.

ఏడువేల ఆరువందలు ఇంకా రావాలి.