నోటితో చెప్పుకుంటూ వండిన పెళ్లివంట

ఎనభైల్లో బొంబాయి కామాఠిపురాలో, వరసగా ఒంటిగది ఇళ్లుండే చాల్‌కి కోడలిగా వచ్చేనాటికే నాకు మూర్ఛ జబ్బు ఉండేది. మందులతో ఫిట్స్ తగ్గాయి గానీ దాంతోపాటు వచ్చిన మతిమరుపు పోలేదు. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తురాక రెండోసారీ వేసేదాన్ని.

అత్తమ్మ కోప్పడలేదు. "చేసే పని నోటితోని చెప్పుకో బిడ్డా. చెయ్యి మర్చినా చెవి యాదుంచుకుంటది" అంది.

అప్పట్నించి "ఉప్పేసిన, పసుపేసిన" అని పైకే అంటూ వండేదాన్ని. గదుల ముందుండే ఉమ్మడి గ్యాలరీలో ఆడవాళ్లు విని నవ్వేవారు. నేను మానలేదు. మెల్లగా చేతికి రుచి కుదిరింది, మనసుకు ధైర్యం వచ్చింది.

ఆడబిడ్డ పెళ్లికి వంటవాణ్ణి పెడదామన్నారు చుట్టాలు. "నా కోడలుండంగ వేరేటోళ్లెందుకు?" అంది అత్తమ్మ.

పెద్ద గిన్నెల్లో బగారన్నం, పప్పు వండుతూ ప్రతిదీ గట్టిగా చెప్పాను. మధ్యలో మా మేనమామ వచ్చి, "పప్పుల ఉప్పేసినవా?" అని అనుమానంగా అడిగాడు.

ఉల్లిగడ్డలు కోస్తున్న ఇరుగుపొరుగు ఆడవాళ్లు నాకంటే ముందే, "ఏసింది, మేమిన్నం!" అన్నారు.

"నాకూ యాదుంది మామా. పప్పు మెత్తగుడికినంక ఏసిన" అన్నాను.

భోజనాల వేళ అత్తమ్మ పంక్తుల మధ్య తిరుగుతూ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పింది: "వంట మా కోడలిది."