టేకు తలుపున్న ఇంట్లో పిల్లి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. బెంగళూరులో అద్దె ఇల్లు పట్టి అందులో పిల్లిని పెంచి చూడు అనే మూడో మాట వాళ్ళకు తట్టలేదు. తట్టి ఉంటే మొదటి రెండూ చిన్న పనులని వాళ్ళే ఒప్పుకునేవారు.

మేము వైట్‌ఫీల్డ్ వైపు ఇల్లు వెతికిన రోజుల్లో మా వ్యవహారం చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి పోయినట్టే ఉండేది. నిజంగానే చంకలో పిల్లి ఉంది కాబట్టి దాన్ని సామెత అనడానికి కూడా లేదు. అంతకు ముందున్న ఇంటి ఓనరు, పిల్లినైనా వదలండి, ఇల్లైనా వదలండి అన్నాడు. ఇల్లే వదిలాం. ఆ ఇంటి పక్కన బిల్డింగు కడుతున్నప్పుడు సిమెంటు సంచుల మధ్య పుట్టిన బూడిదరంగు చారల పిల్ల అది. తల్లి కనబడకుండా పోయాక మా వంటింటి కిటికీలోంచి తనే లోపలికి వచ్చింది. పేరేమీ పెట్టలేదు, "పిల్లీ" అంటే పలుకుతుంది.

మాకు పిల్లలు లేరు. ఆ మాట చెప్పగానే ఓనర్ల ముఖాలు వెలుగుతాయి, గోడల మీద బొమ్మలు వేసేవాళ్ళు లేరని. పిల్లి ఉందనగానే ఆ వెలుగు పోతుంది. అయినా కుదరదని ముఖాన ఎవరూ అనరు. ఒకావిడ తన కుక్క మనసు కష్టపెట్టుకుంటుందని చెప్పింది. ఇంకొకాయన మా కులమేమిటో చుట్టుతిప్పి కనుక్కుని, అది తనకు సరిపోయాక, పిల్లి మాంసం తింటుందా అని అడిగాడు. తింటుందని చెప్పాను. దాని కులం మాత్రం ఆయన అడగలేదు, అదొక్కటే మిగిలింది.

చివరకు ఒకాయన ఒప్పుకున్నాడు. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాడు. కింద ఆయనా భార్యా, పైన మేము. మాది అనంతపురం వైపు అనగానే, మనోళ్ళే కదమ్మా అన్నాడు. పిల్లి సంగతి చెబితే కూడా బేజారు పడలేదు. కాకపోతే మమ్మల్ని పైకి తీసుకెళ్ళి మేము ఉండబోయే ఇంటి వీధి తలుపు ముందు నిలబెట్టాడు.

"ఈ టేకు తలుపు ఉండాది చూడమ్మా, ఇది మా నాయన చేయించింది. దీనికి గీత పడిందంటే నేను సుమ్మనే ఊరుకునేవాణ్ణి కాదు," అన్నాడు.

రెండు రెక్కల తలుపు, మీద చిలకలు చెక్కి ఉన్నాయి. పాత ఇల్లు పడగొట్టి మేడ కట్టినప్పుడు ఆ తలుపు ఒక్కటే దాచుకున్నాడట. కింద తమ వాటాకు పెడదామంటే వాస్తు చెప్పేవాడు ఆ దిక్కుకు టేకు తలుపు పనికిరాదన్నాడట. అందుకని దాన్ని పైన అద్దె వాటాకు బిగించి, తను మాత్రం ప్లైవుడ్ తలుపు వెనక కాపురం పెట్టాడు. వాస్తు ప్రకారం తండ్రి తలుపును పరాయివాళ్ళు వేసుకుంటే దోషం లేదన్నమాట. తలుపు మీద మమకారం మాత్రం పోలేదు. మోటారు వేయడానికనో, ట్యాంకు చూడడానికనో పైకి వచ్చి, ఆ తలుపు మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళేవాడు. మా క్షేమం అడిగేటప్పుడు కూడా తలుపునే చూసేవాడు.

ఇక మా తంటాలు మొదలయ్యాయి. ఈ ఇల్లు కూడా పోతే పిల్లితో సహా మమ్మల్ని రానిచ్చేవాళ్ళు ఇంకొకరు దొరకరని మాకు బాగా తెలుసు. గోడకు మేకు కొట్టకూడదు కాబట్టి, పిల్లి కింద పడకుండా బాల్కనీకి వలను ప్లాస్టిక్ తాళ్ళతో కట్టాం. కర్టెన్లు దానికి అందకుండా పైకి మడిచి ముడులు వేశాం. సోఫాకు పాత దుప్పట్లు కప్పాం. ఇంటికొచ్చిన చుట్టాలు ఎవరైనా పోయారా అన్నట్టు చూసేవాళ్ళు. ఖాళీ గ్యాసు సిలిండరుకు కొబ్బరి తాడు చుట్టి హాలు మధ్యలో నిలబెట్టాం, గీక్కోవడానికి. గోళ్ళు కత్తిరించడానికి మా ఆయన పిల్లిని తువ్వాలులో చుట్టి పట్టుకుంటే, నేను నెయిల్‌కట్టరుతో కూర్చునేదాన్ని. ఇంటికి పడాల్సిన గీతలన్నీ ఆయన చేతుల మీద పడ్డాయి. చేతులు సొంతవి కాబట్టి ఎవరూ అడగలేదు.

పిల్లి మాత్రం మాకంటే మంచి అద్దెదారు. సిలిండరు తాడు తప్ప మరోదాని జోలికి పోలేదు. టేకు తలుపును అసలు తలెత్తి చూసేది కాదు. పగలంతా కిందికి దిగి, మెట్ల కింద గదిలో ఓనరు గారి రాగుల మూటల మీద పడుకునేది. దేవనహళ్ళి దగ్గర ఆయనకు పొలం ఉంది, అక్కడి నుంచి వచ్చిన మూటలవి. సాయంత్రానికి పైకి వచ్చి మా కాళ్ళ మధ్య తిరిగేది.

అక్కడితో ఊరుకుంటే మేము బాగుపడేవాళ్ళం. కానీ మా ఆయన సాఫ్ట్‌వేర్ మనిషి. ఏ తప్పూ జరగకపోతే ఆయనకు నిద్ర పట్టదు. ఇప్పటిదాకా గీకలేదంటే ఇకముందు గీకదని గ్యారంటీ ఏమిటని మొదలుపెట్టాడు. ఫోనులో వీడియోలు చూసి, జిగురు తగిలితే పిల్లులకు అసహ్యమని కనిపెట్టాడు. రెండు వైపులా అంటుకునే టేపు తెచ్చి, తలుపు కింది భాగమంతా, లోపలా బయటా, నిలువు చారలుగా అంటించాడు. ఆ రోజుల్లో ఓనరు పొలం పనుల మీద దేవనహళ్ళిలోనే ఉండిపోయాడు కాబట్టి అది ఆయన కంట పడలేదు. వచ్చి అడిగితే చెదలకని చెబుదామన్నాడు మా ఆయన. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను అన్నాను. ఆయన వినలేదు, నేనూ గట్టిగా అనలేదు.

ఆ టేపుకు పిల్లి తప్ప అన్నీ అంటుకున్నాయి. నా చీర కుచ్చిళ్ళు, కూరగాయల సంచి, వీధి దుమ్ము, గాలికి ఎగిరొచ్చిన కోడి ఈక ఒకటి. పైగా తలుపుది పడమటి ముఖం, ఎండాకాలం. ఉగాది ముందు రోజు ఓనరు తన తండ్రి తలుపుకు తనే పసుపూ కుంకుమా పెట్టి మామిడాకులు కడతాడు, అది ఆయన నియమం. ఆ ఉదయం ఆయన రాకముందే టేపు తీసేద్దామని కూర్చున్నాం.

ఎండకు ఉడికిన జిగురు టేకును వదల్లేదు. లాగితే పాలిషుతో సహా వచ్చింది. ఒక చార, పక్కన ఇంకొక చార, అలా రెండు రెక్కలకూ కింద తెల్లటి నిలువు గీతలు తేలాయి. బన్నేరుఘట్ట అడవిలోంచి చిరుత వచ్చి గీకి వెళ్ళినా అంత తీరుగా రావు. మా ఆయన తడిగుడ్డతో తుడిచాడు, ఇంకొంచెం తెల్లబడింది. కొబ్బరినూనె రాశాడు, మెరుస్తూ తెల్లబడింది.

ఓనరు పసుపు గిన్నెతో మెట్లెక్కి వచ్చాడు. చూశాడు. గిన్నె కింద పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. గీతల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రాశాడు. ఆ ముసలాయన కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు నిజంగానే భయం వేసింది, బాధ కూడా వేసింది. నెమ్మదిగా, జిగణిలో తన తమ్ముడు పనిచేసే ఫ్యాక్టరీ ఉందనీ, సంచి తెస్తే సాయంత్రానికి పిల్లిని అక్కడ వదిలి వస్తాననీ, ఎలుకలు పట్టుకుని బతుకుతుందనీ చెప్పాడు. 

మా ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. తలుపు పోయింది కానీ ఇల్లు దక్కేట్టుంది, నోరు మెదపకపోతే చాలు. ఆయన ముఖంలో ఆ లెక్క నాకు స్పష్టంగా కనిపించింది. పిల్లి అప్పటికే వచ్చి ఓనరు పక్కన మెట్టు మీద కూర్చుని మీసాలు దిద్దుకుంటోంది.

"అది గీకలేదు అంకుల్. మేమే చేశాం," అన్నాను.

ఆయన నమ్మలేదు. పిల్లి మీద ప్రేమతో చెబుతున్నానన్నాడు. లోపలికి వెళ్ళి చెత్తబుట్టలోంచి టేపు ఉండ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. దాని నిండా వాళ్ళ నాయన పాలిషు. ఆయన దాన్ని విప్పి, గీతల పక్కన పెట్టి కొలిచినట్టు చూసి, మడిచి నాకే ఇచ్చేశాడు. పిల్లి తల మీద చెయ్యి వేశాడు.

"అయితే దీనిది ఏమీ తప్పు లేదు కదమ్మా. ఇది ఉండనీ. మీరు ఇంకో ఇల్లు చూసుకోండి," అన్నాడు.

హాస్యమేమో అనుకున్నాను. ఆయనకు హాస్యం తెలియదు. పిల్లి వచ్చినప్పటి నుంచి రాగుల మూటలకు ఒక్క చిల్లు లేదట. అది ఈ ఇంటి పిల్లట. కుక్క మనిషిని నమ్ముకుంటాది, పిల్లి ఇంటిని నమ్ముకుంటాదని ఆయన భార్య కూడా కింద నుంచి వంత పాడింది. పిల్లి కోసం ఇల్లు వదిలినవాళ్ళం మేము. ఈసారి మమ్మల్ని వదిలించుకుని పిల్లిని ఉంచుకునే ఓనరు దొరికాడు. ఒళ్ళు మండిపోయింది. మా పిల్లిని మేము తీసుకుపోతామని గట్టిగానే చెప్పి వచ్చాను.

చెప్పడమైతే చెప్పాను. సామాను ఎత్తే రోజు వచ్చిన మనుషుల గోలకు అది మూటల వెనక దూరి ఎంత పిలిచినా రాలేదు. చెయ్యి పెడితే బుస్సుమంది. బండివాడు హారను మీద హారను కొడుతున్నాడు. ఓనరు భార్య నా భుజం తట్టి, చెప్తిని కదమ్మా, దానికి ఇల్లే ముఖ్యము అంది. పిల్లి కోసం తెచ్చిన బుట్టను ఖాళీగా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఏడుస్తూ వెళ్ళాను. 

కొత్త ఇంటి ఓనరుకు మేము బాగా నచ్చాం. పిల్లలు లేరు, పిల్లి లేదు, గోడకు మచ్చ లేదు. కర్టెన్ల ముడులు విప్పాం, సోఫా మీది దుప్పట్లు తీశాం. ఇంత బుద్ధిమంతులైన అద్దెదారులు మళ్ళీ దొరకరని ఆయన అందరితో చెప్పేవాడట. ఆ శుభ్రమైన ఇంట్లో కూర్చుంటే నాకు ఊపిరాడేది కాదు. పిల్లి మీద కోపంగా కూడా ఉండేది. ఇల్లు చూసి మమ్మల్ని వదిలింది, దానికీ ఓనరు బుద్ధులే వచ్చాయని మా ఆయనతో అన్నాను.

కొన్నాళ్ళకు పాత ఓనరు ఫోను చేశాడు. వచ్చి పిల్లిని పిల్చుకోని పొండి అని పెట్టేశాడు.

వెళ్ళాం. పై వాటా ఇంకా ఖాళీగానే ఉంది, తాళం వేసి ఉంది. మా అడ్వాన్సులోంచి చేయించిన కొత్త పాలిషుతో తలుపు తళతళలాడుతోంది. కింది భాగం మాత్రం నాశనమైంది. టేపు చారల్లాగా తీరైనవి కావు, వంకరటింకర గీతలు, ఒకదాని మీద ఒకటి, చెక్క పొట్టు లేచేదాకా. గడప మీద పిల్లి కూర్చుని ఉంది, ఎముకలు తేలి. పాలు పోస్తే ముట్టడం లేదట. రాగుల గది వైపే పోవడం లేదట. పొద్దున లేచింది మొదలు ఈ తలుపు ముందు కూర్చుని అరవడం, గీకడం. తాళం తీసి లోపల ఎవరూ లేరని చూపించినా, గదులన్నీ తిరిగి వచ్చి మళ్ళీ గీకుతోందట.

"మీరు ఉండంగా ఒక్క గీతా పెట్టలేదే, ఇప్పుడెందుకమ్మా ఇట్లా చేస్తా ఉండాది? ఈ పాలిషుకు ఎవరిస్తారు?" అన్నాడు.

"మీ ఇంటి పిల్లి కదా అంకుల్," అన్నాను.

బుట్ట మూత తెరవకముందే పిల్లి నా ఒళ్ళోకి ఎక్కింది. నేను ఆ గడప దగ్గరే కూర్చుని గీతలు చూస్తూ ఉండిపోయాను. ఈ ఊళ్ళో మేము ఎన్నో ఇళ్ళు ఖాళీ చేశాం. మా వెనక ప్రతి ఓనరూ సున్నం వేయించి, మేము ఉన్న ఆనవాలే లేకుండా చేసుకున్నాడు. మేము లేమని ఒక తలుపు పాడవడం అదే మొదటిసారి.