గౌరమ్మ పంకా, నీలవేణి మార్కులు

ఉద్యోగంలో నా ఆఖరి పోస్టింగ్ బర్మాలో, తాకేటా పేటలోని ఒక సర్కారు ప్రాథమిక బడికి, హెడ్‌మిస్ట్రెస్‌గా. జూన్‌లో బళ్ళు తెరవగానే చేరాను. చేరీ చేరగానే నా నెత్తిన పడ్డ పని బీదపిల్లల స్టైపెండు.

హెడ్డు, ఒక టీచరు, వార్డు పెద్ద కలిస్తే కమిటీ. అర్జీ పెట్టుకున్న ప్రతి ఇంటికీ ముందుగా కబురంపి వెళ్ళాలి. కప్పు, నేల, సంపాదించే చేతులు, సామాను చూసి మార్కులు వెయ్యాలి. లేమి ఎంత ఎక్కువైతే మార్కులు అంత ఎక్కువ. పైనున్న కొద్దిమంది పేర్లే టౌన్‌షిప్ విద్యాశాఖ ఆఫీసుకి పోతాయి.

ఆ ఏడు నా బెంగంతా ఐదో తరగతి నీలవేణి మీదే. లెక్కల్లో చిచ్చుబుడ్డి. తండ్రి రేవులో నడుం విరిగి మంచాన పడ్డాడు. తల్లి అప్పలనరసమ్మ బజ్జీలమ్మి సంసారం ఈదుతోంది. స్టైపెండు రాకపోతే పిల్లని టీకొట్టులో పనికి పెడతానని ముందే చెప్పేసింది.

ఆ వీధంతా మా తెలుగువాళ్ళే, వాళ్ళ సంగతి నాకు తెలియనిదా! నేనూ రేవుకూలీల మనవరాలినే. ఇంటికి సయామ, అంటే టీచరమ్మ, వస్తోందంటే వీధంతా పెళ్ళివారి హడావుడి. మొదటి ఇంట్లో ఎర్ర పంకా, ప్లాస్టిక్ కుర్చీలు. రెండో ఇంట్లోనూ అవే. మేం ముందువైపు టీ తాగుతుంటే అవి పెరటిదారిన పక్కింటికి పోతున్నాయి. అప్పలనరసమ్మ ఇంట్లో మాకన్నా ముందే వచ్చి కూర్చున్నాయి. ఆ ఇంటికి కరెంటే లేదు!

వార్డు పెద్ద ఊ సాన్ మారుమాట లేకుండా పంకా, కుర్చీలు రాసుకున్నాడు. ఇదేటమ్మా అని అప్పలనరసమ్మని తెలుగులో కసిరాను.

"సయామ మా ఇంటికొచ్చి చెమట్లు కక్కుతా నేల మీద కూకోవాలేటి? మా పరువేటి కావాల?" అంటూ ఇంకో బజ్జీ వేసింది. ఒళ్ళు మండిపోయింది. బజ్జీ మాత్రం తిన్నాను.

చివరి ఇల్లు గౌరమ్మది. వీధిలో కాస్త నిలదొక్కుకున్న మనిషి. అందరితోపాటు తనూ మనవడికి అర్జీ పెట్టింది. ఆ సామానంతా ఆవిడదే. ఇంకా తిరిగి చేరలేదు. చాప తప్ప ఏమీ కనబడలేదు. మార్కులు కూడితే వీధి మొత్తానికి నిరుపేద గౌరమ్మ! నీలవేణి పేరు గీత కిందకి జారిపోయింది.

మర్నాడు గౌరమ్మకి సంగతి చెప్పాను. నెత్తి కొట్టుకుంది. మనవడి పేరు కొట్టేయమంది. "పంకా నాదని మాత్రం ఎవులికీ సెప్పకండి సయామా, అప్పలనరసమ్మ మొకం ఎత్తుకోనేదు," అంది. ఆవిడ ఎంత ముద్దొచ్చిందో!

కానీ ఆ ఒక్క పేరు తీసేస్తే సరిపోలేదు, ఇంకా నీలవేణికి పంకా అడ్డం. సామాను మార్కుల్ని కారణం రాసి అందరికీ ఒకేలా తీసేసే వీలు కమిటీకి ఉంది. ఊ సాన్‌ని అడిగితే పకపకా నవ్వాడు. ఆ పంకా మనకంటే జోరుగా నడవడం తానూ చూశాడట. సంతకం పెట్టాడు. మళ్ళీ కూడితే నీలవేణి పైకొచ్చింది, ఆఫీసు ఒప్పుకుంది.

అప్పలనరసమ్మ బజ్జీల పొట్లంతో బడికొచ్చింది. "సూసేరా! దర్జాగా ఉన్నాం కాబట్టే సర్కారోరు మరేద ఇచ్చేరు," అంది. నేను ఇంకో బజ్జీ తీసుకున్నాను.

చెప్పకుండా వెళ్తే నిజం బయటపడుతుందని తోటి హెడ్డులు సలహా ఇచ్చారు. రిటైరయ్యేదాకా నేను కబురంపే వెళ్ళాను. గుమ్మం దాటించి మోసుకుపోగల వస్తువు దేన్నీ మార్కుల లెక్కలోకి తీసుకోలేదు.