వెచ్చటి నేలకు ఏ చెక్క

మా ఆవిడ పోయింది. ఇక్కడ సౌదీలో, అల్ ఖోబర్‌లో మమ్మల్నెరిగిన కొందరికి ఫోన్లో చెప్పగలిగాను. మిగిలినవారికి ఇలా రాస్తున్నాను. ఊళ్ళో కర్మకాండ ముగించుకుని తిరిగొచ్చేసరికి ఆమె గదిలో నేలకు వేయాల్సిన చెక్క పలకలు కట్టలు విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. వాటినేం చేయాలో తెలియలేదు.

ఆమె కాళ్ళనొప్పి గల్ఫ్ యుద్ధం నాటిది. సైరన్ మోగితే అజీజియా పేటలోని మా ఇంట్లో లోపలి గదికి పోయి, విషవాయువు భయంతో తలుపు సందులకు టేపు అంటించి, చలికాలపు టైల్స్ మీద కూర్చునేవాళ్ళం.

"క్షిపణి సంగతి తర్వాతండీ, ముందు ఈ నేల చంపేలా ఉంది" అనేది. నా సాక్సులు రెండు జతలు తొడుక్కునేది. యుద్ధం అయిపోయింది. ఆమె సాక్సులు విప్పలేదు.

నేను విల్లాల్లో ఫ్లోరింగ్ పని చూసే ఇంజినీరును, ఇక్కడివాళ్ళ మాటలో ముహందిస్‌ని. ఒకచోట నేల కింద కరెంటు తీగల చాప పరిచి వేడిచేయడం చూశాక, ఆమె గదికీ పెట్టిద్దామనుకున్నాను. ఇంటి యజమాని నవ్వాడు.

"యా ముహందిస్, ఈ దేశంలో వేడి కొనుక్కుంటావా?"

అయినా ఒప్పుకున్నాడు.

ఆ చాప మీద పరచడానికి రెండు చెక్క నమూనాలు తెచ్చాను. ఒకటి మందపాటి టేకు, ఒకటి పొరలు అతికించిన ఓక్. టేకును ముక్కు దగ్గర పెట్టుకుని, "మా పుట్టింటి తలుపు వాసనండీ" అంది. తీగల చాప మీద పెట్టాక సాక్సులు విప్పి రెంటి మీదా నిలబడింది. టేకు ఎంతకీ వేడెక్కలేదు. కొన్నాళ్ళకు దాని అంచులు లేచాయి. ఓక్ కదల్లేదు.

"ఇదే వేయించండి. ముందు కట్టలు విప్పండి, పలకలకు ఈ గది గాలి పట్టాలి. వడియాలు ఆరకముందే డబ్బాకెత్తుతామా?"

కట్టలు విప్పాం. గాలి పట్టేలోగానే ఆమె గుండె ఆగింది.

మొన్న ఆమె చీరలు సర్దుతుంటే మడతల మధ్య ఆ టేకు ముక్క కనిపించింది. మరి ఓక్ అని ఎందుకంది? నా పని తేలికవుతుందనా? ఎటూ తేల్చుకోలేక మా ఫిట్టర్‌ని పిలిచాను. జగిత్యాల వైపు మనిషి. సంగతంతా విని ముక్క వాసన చూశాడు.

"గిండ్ల గడబిడేముంది సార్? అమ్మకు రెండూ గావాలె. కాళ్ళకొకటి, ముక్కుకొకటి."

"ఇంకొన్నాళ్ళు గాలి పట్టనీ" అన్నాను.

"పలకలకు పట్టింది సార్. మీకే పట్టలే."

నిన్న తీగల చాప వేసి, దాని మీద ఓక్ పరిచి వెళ్ళాడు. టేకు ముక్క మళ్ళీ చీరల్లోనే పెట్టాను. చేసింది సరైన పనో కాదో ఇప్పటికీ తెలియదు. పొద్దున నేల కింది వేడికి స్విచ్ వేసి, స్నానం చేసి ఆ గదిలోకి నడిచి, వెనక్కి తిరిగి చూశాను. తలుపు దగ్గర్నుంచి ఆమె మంచం దాకా నా తడి అడుగులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి.